ప్రమాణ కఫం

పెదలంకపేట ఏరియా ఆసుపత్రి ల్యాబుకు అధిపతి డాక్టర్ ముక్తేశ్వరరావు గారు చెడ్డవారు కాదు. ఈ సంగతి ముందే చెప్పెయ్యడం మంచిది, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. ఆయనకు తన మీద తనకు మహా మంచి అభిప్రాయం ఉండేది. ఉన్న జబ్బల్లా అదొక్కటే. దానికి పరీక్ష ఇంకా ఏ ల్యాబులోనూ రాలేదు.

నగరంలో జరిగిన ఓ పెద్ద సెమినారుకు వెళ్ళొచ్చిన మర్నాడు, వాళ్ళిచ్చిన జనపనార సంచీ ఇంకా భుజాన వేలాడుతుండగానే, క్లారినెట్ భూషణం వచ్చి ల్యాబు కిటికీ దగ్గర నిలబడ్డాడు. పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయించే మనిషి. వయసు యాభై దాటింది. కొన్నాళ్ళుగా దగ్గు పట్టుకుని వదలడంలేదు. చేతిలో రెండు కాగితాలున్నాయి.

"ఇది మీరిచ్చిన కాయితమండి. క్షయ ఉందంటంది. ఇదేమో గోదారవతల ఆసుపత్రోళ్ళిచ్చిందండి. లేదంటంది. రెండు చోట్లా ఇచ్చింది నా కఫమేనండి. ఇంతకీ ఉన్నట్టా, లేనట్టాండి?"

"రెండుచోట్ల ఎందుకు చేయించుకున్నావయ్యా?"

"మా అమ్మాయికి పురుడొచ్చిందండి. ఆడపిల్ల. మీరు ఉందన్నారు గదా, అవతలోళ్ళు లేదంటే ఎత్తుకుందారని ఆశపడ్డానండి. ఆళ్ళు లేదన్నారు. ఇప్పుడేమో ఎవరి మాట నమ్మాలో తెలీక, పిల్లని ముట్టుకోకుండా అరుగు మీద పడుకుంటన్నాను. ఎత్తుకోవచ్చా, కూడదా? అదొక్కటీ చెప్పెయ్యండి, ఎల్లిపోతాను."

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కఫాన్ని గాజుపలక మీద పూసి, ఆరమిన్ అనే పసుపు రంగు మందు పోసి, ఆమ్లంతో కడిగేసి, చీకటిగదిలో నీలి వెలుగు మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. క్షయ క్రిములుంటే చీకట్లో పసుప్పచ్చగా మెరుస్తాయి. లేకపోతే చీకటే. భూషణం కఫం ఇంకోసారి తీసుకుని జాగ్రత్తగా చూస్తే గంటలో తేలిపోయే వ్యవహారమని ముక్తేశ్వరరావు గారికి తెలియకపోలేదు. కానీ భుజాన ఆ సంచీ ఉంది కదా. సంచీ మీద 'ఏకరూపతే నాణ్యత' అని అచ్చేసి ఉంది.

"చూడు భూషణం, ఇది నీ ఒక్కడి సమస్య కాదు," అన్నారాయన గంభీరంగా. "ఆ ల్యాబు మందు వేరు, మా మందు వేరు. ఆ పద్ధతి వేరు, మా పద్ధతి వేరు. మూలం నుంచీ సరిచెయ్యాలి."

"సరిచెయ్యండి. ఈలోగా పిల్లనెత్తుకోవచ్చాండి?"

"ఈలోగా ఆగు," అన్నారు ముక్తేశ్వరరావు గారు. ఆ మధ్యాహ్నమే కూర్చుని 'మెరుపు పరీక్షల మందులలోను, పద్ధతులలోను ఏకరూపత లోపించుట' అనే శీర్షికతో పైవాళ్ళకు నివేదిక రాశారు. రాసినదాన్ని తనే రెండుసార్లు చదువుకుని, ఇంత చక్కగా రాయగలిగినవాణ్ణి ఈ లంకల్లో పడేశారే అని కాస్త బాధపడ్డారు కూడా.

ఆ నివేదిక ఎవరైనా చదువుతారని ఆయన కలలో కూడా అనుకోలేదు. చదివారు. ప్రమాణీకరణ సంఘం ఏర్పడింది. ప్రత్యేకాధికారిగా విద్యాసాగరం గారు వచ్చారు. ఆయన అంతకుముందు చేపల శాఖలో ఉండి, చేపపిల్ల పొడవు ఎంత ఉండాలో నిర్ణయించి, అంతకు మించి ఎదిగినవాటికి నోటీసులిప్పించిన దిట్ట అని చెప్పుకునేవారు. మూలపురుషుడు కనక ముక్తేశ్వరరావు గారికి ప్రధాన సాంకేతిక సలహాదారు హోదా దక్కింది. ఆయన భార్య ఆ మాట పక్కింటివాళ్ళకి చెప్పబోయి మధ్యలో మర్చిపోయి, "ఏదో పెద్దదేనండి" అని ముగించింది.

మొదటి సమావేశం సజావుగానే సాగింది. మందు ప్రతి ల్యాబులోనూ ఎవరి చేతివాటాన్ని బట్టి వాళ్ళు కలుపుకుంటున్నారు. అందరికీ ఒకేచోట కలిపి సీసాల్లో పంపిద్దామన్నారు ముక్తేశ్వరరావు గారు. అది నిజంగా మంచి ఆలోచనే. అక్కడితో లేచి భోజనాలకు వెళ్ళిపోయి ఉంటే ఈ కథే లేదు.

"మందు ఒకటైనంత మాత్రాన సరిపోదు," అన్నారు విద్యాసాగరం గారు. "స్లయిడు కడిగే నీటి మాటేమిటి? ఒకచోట గోదావరి నీరు, మరొకచోట బోరు నీరు. జలవైవిధ్యమును ఉపేక్షించరాదు."

జలవైవిధ్యాన్ని ఉపేక్షించలేదు. సంఘం కార్యాలయం వెనక కుళాయి నీటినే ప్రమాణజలంగా ప్రకటించి, రాష్ట్రమంతటికీ ట్యాంకర్లలో పంపారు. ట్యాంకరు వచ్చిన రోజే పరీక్షలు. తర్వాత చీకటి వంతు వచ్చింది. కొన్ని ల్యాబుల్లో చీకటి పలచగా ఉందని తనిఖీ బృందం గుర్తించింది. తన చెయ్యి తనకు కనబడని స్థితిని ప్రమాణాంధకారం అన్నారు. పెదలంకపేటలో కిటికీలకి తారుగుడ్డలు కొట్టారు. టెక్నీషియన్ నాగమణి ఆ గదిలో మొదటిరోజే స్టూలు అనుకుని యాసిడ్ బల్ల మీద కూర్చోబోయింది.

"ఇంకా నయం సార్, కూచోలేదు," అందామె. "కూచునుంటే మీ ప్రమాణానికి నా చీరే సాక్ష్యం."

మెరుపు రంగు దగ్గర మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. క్రిములు ఏ రంగులో మెరిస్తే మెరిసినట్టు? ఒక డాక్టరు నిమ్మపండు రంగన్నారు. ఒకరు మామిడిపూత అన్నారు. అవతలి ఒడ్డు డాక్టరు గారు పెసరట్టు అన్నారు, అప్పటికి పదకొండు గంటలు దాటింది మరి. చర్చ తెగక సంఘం సభ్యులందరూ జీపెక్కి బజార్లో మ్యాచింగ్ సెంటరుకు వెళ్ళారు. జాకెట్టు ముక్కలు అడ్డంగా పరిపించి, దీపం కింద చూసి, గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూసి, చివరికి ఒక చిలకపచ్చని ఏకగ్రీవంగా ఖరారు చేశారు. ఎంచుకున్నది ముక్తేశ్వరరావు గారే. ఇంట్లో చీరల విషయంలో ఆయన మాట ఏనాడూ చెల్లలేదు, అందుకని ఆ రోజు ఆయన ఆనందం చూడాలి. ఆ రంగు గుడ్డ థాను కొని ముక్కలు చేసి మైక్రోస్కోపుకొకటి చొప్పున కట్టారు. ప్రమాణాంధకారంలో ఆ గుడ్డ కనబడదు. లైటు వేస్తే గుడ్డ కనబడుతుంది గాని స్లయిడు కనబడదు. ఈ చిక్కు అందరూ గమనించారు, ఎవరూ ఎత్తలేదు. గుడ్డ ఎంపికకి సంతకాలు అందరూ పెట్టారు కదా.

ఈలోగా భూషణం వస్తూనే ఉన్నాడు.

"మూలం దాకా ఎల్లారాండి?" అని అడిగేవాడు.

"వెళ్తున్నాం, వెళ్తున్నాం."

"బోర్లా పడతందండి మా పాప. కిటికీలోంచి చూస్తన్నాను."

ఇన్ని చేసినా ల్యాబుల మధ్య అంగీకారం అరవై శాతం దాటలేదు. విద్యాసాగరం గారు అత్యవసర సమావేశం పెట్టారు. "మందు ఒకటే. నీరు ఒకటే. చీకటి ఒకటే. వస్త్రఖండమూ ఒకటే. అయినను ఫలితములు భిన్నముగా వచ్చుచున్నవి. లోపము ఎక్కడ ఉన్నట్లు?" అని అందరి ముఖాలూ చూశారు.

అందరూ ముందున్న కాగితాలు తిరగేశారు. సభ మరీ బరువెక్కిందని, కాస్త నవ్వులు పూయిద్దామని ముక్తేశ్వరరావు గారు, "రోగుల్లో ఉందేమోనండి," అన్నారు. హాస్యానికే అన్నారు. ఒక్కరూ నవ్వలేదు. ప్రత్యేకాధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అద్భుతం. ఇంత సూక్ష్మమైన విషయం ఇన్నాళ్ళు మన దృష్టికి రాకపోవడం శోచనీయం," అన్నారు. చుట్టూ తలలూగాయి. ముక్తేశ్వరరావు గారు ఒక్క క్షణం తెల్లబోయారు. కాఫీలు వచ్చేసరికి అది హాస్యమన్న సంగతి ఆయనే మర్చిపోయారు.

"ఒకరి కఫం చిక్కన, ఒకరిది పలచన," అంటూ విద్యాసాగరం గారు లేచి నిలబడి మాట్లాడారు. "ఒకరి కఫంలో క్రిములున్నవి, మరొకరి కఫంలో లేవు. ఇంతటి అరాచకము నడుమ ఏకరూపత ఎట్లు సాధ్యము? కావున రాష్ట్రమంతటికీ ఒకే ప్రమాణ కఫము ఉండవలెను."

ఎవరిది ఉండాలి? ఫైలు ఎవరితో మొదలైందో అతనిదే ఉండటం న్యాయమన్నారు. ఫైలు భూషణంతో మొదలైంది. అతని కఫంతో స్లయిడ్లు చేసి అన్ని ల్యాబులకూ పంపాలి. ప్రమాణానికి ఒక విలువంటూ కట్టాలి కదా, దానికి ఓటింగు పెట్టారు. సగం మంది క్రిములు ఉన్నాయన్నారు, సగం మంది లేవన్నారు. మైక్రోస్కోపు పక్కగదిలోనే ఉంది. ఓటింగు జరుగుతుండగా వెళ్ళి చూడడం సభామర్యాద కాదని ఎవరూ కదల్లేదు. ఉభయతారకంగా ఉండేట్టు 'సందేహాస్పదం' అనే విలువను ముక్తేశ్వరరావు గారు ప్రతిపాదించారు. చప్పట్లు మోగాయి.

ఉత్తర్వు వారంలోనే వచ్చేసింది. 'ఇందుమూలముగా యావన్మంది ప్రయోగశాలాధిపతులకు తెలియజేయునదేమనగా, ఇకపై ప్రతి రోగి కఫమును ప్రమాణ కఫముతో సరిపోల్చవలెను. సరిపోలినచో సందేహాస్పదమని ఫలితమీయవలెను. సరిపోలనిచో ప్రమాణేతర కఫముగా పరిగణించి, సరియైన కఫము తెచ్చుకొనవలసినదిగా సూచించి రోగికి వాపసు చేయవలెను.' బజార్లో ప్రైవేటు ల్యాబులు కూడా గుర్తింపు ఎక్కడ పోతుందోనని అదే బాట పట్టాయి. ఎక్స్‌రే తీసే డాక్టరు గారిని అడిగితే, ఛాతీలో మచ్చ ఉంది గాని అదేమిటో కఫం తేల్చాలని తిరిగి ల్యాబుకే పంపేవారు. మందు బిళ్ళలిచ్చేవాళ్ళు ల్యాబు కాగితం తెమ్మనేవారు. నాగమణికి మాత్రం ప్రాణం హాయిగా ఉంది. ఏమొస్తుందో ముందే తెలుసు గనక కళ్ళు నొప్పెట్టడం తగ్గిందంది.

భూషణం రాష్ట్ర ప్రమాణ దాత అయ్యాడు. వారం వారం వచ్చి కఫం ఇవ్వాలి. వరండాలో అతనికి కుర్చీ వేశారు. ఇచ్చినప్పుడల్లా ఓ ఉడకబెట్టిన గుడ్డు మంజూరు చేశారు. ఇంత శ్రద్ధగా చూస్తున్నారంటే ఏదో తేల్చడానికేనని అతను నమ్మాడు. పాపం, ఎవరైనా అలాగే నమ్ముతారు.

"ఏమొచ్చిందండి?" అని అడిగేవాడు గుడ్డు పెంకు ఒలుచుకుంటూ.

"సందేహాస్పదం," అనేవారు ముక్తేశ్వరరావు గారు.

"అంటేనండి?"

"అంటే సందేహమన్నమాట."

"సందేహం నాకూ ఉందండి. అందుకేగదా వచ్చింది."

మనిషి చిక్కిపోతున్నాడు. క్లారినెట్ ఊదలేక మానేశానని ఒకసారి చెప్పాడు. మేళంలోంచి తీసేస్తే ఇల్లు గడవదని బ్యాండు మేస్త్రి కాళ్ళా వేళ్ళా పడి, పాటకు తాళంగా గిలకలు ఊపే పనిలో కుదిరాడట. ఆ మాటకు ముక్తేశ్వరరావు గారి మనసు చివుక్కుమంది. అనుమానం మీదే మందులు మొదలుపెట్టవచ్చునా అని సంఘానికి రాశారు. జవాబు వెంటనే వచ్చింది. 'ప్రమాణ దాతకు చికిత్స ప్రారంభించిన యెడల కఫమునందు మార్పు సంభవించి రాష్ట్ర ప్రమాణమునకు విఘాతము వాటిల్లును. కావున దాతను యథాతథ స్థితిలో పరిరక్షించవలసినదిగా ఆదేశించడమైనది.' అది చదివిన రోజు ఆయనకు మధ్యాహ్నం భోజనం సహించలేదు. సాయంత్రం టిఫిను సహించింది.

ఆ ఉత్తర్వును ధిక్కరిద్దామని ఆయనకు తోచింది. సరిగ్గా అప్పుడే అంగీకారం నూటికి నూరు శాతానికి చేరిందనీ, అభినందన సభ పెదలంకపేటలోనే జరుగుతుందనీ, శాలువా ఆయనకేననీ కబురొచ్చింది. సభ అయ్యాక ధిక్కరిద్దామనుకున్నారు.

ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. వేదిక నిండా పెద్దలు. "అన్ని ఊళ్ళలోను, అన్ని ల్యాబులలోను, అనుదినము ఒకే ఫలితము వచ్చుచున్న ఏకైక రాష్ట్రము మనది," అని విద్యాసాగరం గారు మైకులో ప్రకటించారు. బ్యాండు మోగింది. ముక్తేశ్వరరావు గారికి శాలువా కప్పి, షీల్డు ఇచ్చి, ఫొటో తీశారు. ఫొటోలో ఎటు చూడాలో ఆయన ముందు రోజే అద్దంలో చూసుకుని పెట్టుకున్నారు.

దిగి వస్తుంటే మెట్ల దగ్గర బ్యాండు దుస్తుల్లో భూషణం ఎదురయ్యాడు. ఎర్రకోటు భుజాల మీంచి జారిపోతోంది. చేతిలో గిలకలున్నాయి.

"డాట్రుగారండి, మైకులో ఇన్నాను. అన్నూళ్ళల్లోనూ ఒకే ఫలితం వచ్చిందంట గదా."

"అవునయ్యా."

"అది నా కఫమే గదండి, అందరూ చూసేది."

"నీదే."

"ఇన్నాళ్ళూ అన్నూళ్ళోళ్ళూ చూశారాండి, రోజూ?"

"చూశారు."

"చూసి, అందరూ తెలీదన్నారాండి?"

ముక్తేశ్వరరావు గారు శాలువా సర్దుకున్నారు. భూషణం శాలువా వంక చూశాడు. "అందుకా అండి ఇది కప్పారు?" అన్నాడు.

అతని గొంతులో వెటకారం లేదు. తెలుసుకుందామనే అడిగాడు. వెటకారంగా అని ఉంటే ముక్తేశ్వరరావు గారు కసిరి పంపేవారు, అది ఆయనకు బాగా చేతనవును. ఇలా అడిగేసరికి సిగ్గేసింది. ఒళ్ళంతా సిగ్గేసింది.

"రా," అన్నారు.

శాలువాతోనే ల్యాబుకు వెళ్ళారు. భూషణం చేత కఫం తీయించి, స్వయంగా స్లయిడు పూశారు. చేసి చాలాకాలమైంది, ముందు మందా ఆమ్లమా అని ఓ క్షణం తడబడ్డారు. మందు సీసా సంఘం పంపినదే. చక్కటి మందు, ఆ మాట ఒప్పుకోవాలి. చీకటిగదిలోకి వెళ్ళి కంటి గొట్టంలోకి చూశారు. కనిపించిన మేరంతా పసుప్పచ్చటి పుల్లలు విరజిమ్మినట్టు మెరుస్తున్నాయి. మొట్టమొదట వెతుక్కుంటే ఒకటీ అరా దొరికినవి, ఇప్పుడు వెతక్కుండానే వందలకొద్దీ కనబడుతున్నాయి. ఇది చూసి చెప్పడానికి సంఘం అక్కర్లేదు, జాకెట్టు ముక్కా అక్కర్లేదు. ఈ గంట పని ఆ రోజే చేసి ఉండవలసిందని ఆ చీకట్లో ఆయన పైకే అనుకున్నారు. మళ్ళీ తనే, "ఘనుడివిరా ముక్తేశం," అనుకున్నారు.

బయటికొచ్చి భూషణం ఎదురుగా బల్ల మీద కూలబడ్డారు.

"ఉందయ్యా. క్షయ ఉంది. ఇవాళే మందులు మొదలుపెడుతున్నాం. నయమైపోతుంది, మధ్యలో మాత్రం మానకూడదు."

భూషణం గిలకలు పక్కన పెట్టాడు. "హమ్మయ్య," అన్నాడు. "ఉందన్నారు."

ఉందంటే హమ్మయ్య అన్న రోగిని ఆయన తన సర్వీసులో చూడలేదు.

"పాపని కూడా తీసుకురా, పరీక్ష చేద్దాం. నీ మందు కొన్ని వారాలు పడనీ, మళ్ళీ కఫం చూసి నేనే చెబుతాను. అప్పుడు ఎత్తుకోవచ్చు."

"ఎత్తుకునే ఈడు దాటిపోతందండి," అన్నాడు భూషణం. "ఇప్పుడది నడుస్తంది. నన్ను చూత్తే చాలు, తాతా అని చేతులు చాపుకుంటా వచ్చేత్తంది. నేనే పారిపోతన్నానండి, అరుగు చుట్టూ. ఆటనుకుని నవ్వుతంది."

ముక్తేశ్వరరావు గారు తల వంచుకుని మందుల చీటీ రాశారు. రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి సరిగ్గా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే విద్యాసాగరం గారి నుంచి ఫోను.

"మీ ల్యాబు నుంచి ఒక ఫలితం వెలువడినట్లు మా దృష్టికి వచ్చింది," అన్నారాయన బాధగా.

"అవునండి."

"ఏమని?"

"ఉంది అని."

"అటువంటి ఫలితం మన పట్టికలో లేదు కదండి. రాష్ట్ర అంగీకారం పడిపోయింది. పైగా దాతకు మందులు కూడా ఇచ్చారట. ప్రమాణం ఏమైపోవాలి? తగు సంజాయిషీ దాఖలు చేయండి."

సంజాయిషీ కాగితం సాయంత్రానికే చేరింది. ప్రమాణాన్ని ఉల్లంఘించడానికి దారితీసిన సాంకేతిక కారణం రాయమని అందులో ఓ పెద్ద గడి ఉంది. ముక్తేశ్వరరావు గారు అలవాటు కొద్దీ 'అనివార్య పరిస్థితుల దృష్ట్యా' అని మొదలుపెట్టి ఒక పేజీ నింపారు. చదువుకుంటే ఎప్పట్లాగే చాలా బాగుంది. చింపేశారు. ఇంకో కాగితం తీసుకుని ఆ గడిలో 'రోగి అడిగాడు' అని రాసి సంతకం చేశారు.

ఎప్పుడడిగాడు అన్నదానికి ఆ కాగితంలో గడి లేదు. సంఘం కొత్తలో ఆ కాగితం నమూనా తయారుచేసింది ముక్తేశ్వరరావు గారే. అలాంటి గడి ఒకటి కావలసి వస్తుందని ఆయనకప్పుడు తోచలేదు.